కుంగుబాటు మాత్రలు, అదుపు తప్పే కదలికలు

ప్రోజాక్ పేరుతో తర్వాత ప్రపంచమంతా తెలిసిన ఫ్లూఓక్సెటిన్ ఇంకా ప్రయోగ దశలో ఉన్న రోజులవి. 1979లో షికాగోకు చెందిన సైకియాట్రిస్టు హెర్బర్ట్ మెల్ట్‌జర్, ఆయన సహచరులు ఒక వైద్య పత్రికలో ఒకే ఒక్క రోగి గురించి రాశారు. ఆ కొత్త మందు వేసుకున్నాక ఆ రోగికి కండరాలు మెలితిరిగి బిగుసుకున్నాయి. పార్కిన్సన్స్ జబ్బులో కనిపించే లక్షణాలు వచ్చాయి. రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగింది. ఈ మూడూ ఒకేసారి కనబడితే మెదడులో కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం పని తగ్గిందేమోనని అనుమానించాలి. ఫ్లూఓక్సెటిన్ పనిచేసేది సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనం మీద. డోపమిన్ జోలికి అది పోదనే అనుకున్నారు. అమెరికాలో ఎఫ్‌డీఏ ఆ మందుకు అనుమతి ఇచ్చింది 1987 డిసెంబరులో. అంటే మందు బజారుకు రావడానికి ఎనిమిదేళ్ల ముందే ప్రశ్న పుట్టింది: మనసు కుదుటపడటానికి వేసుకునే మాత్ర ఒంటికి కుదురు లేకుండా చేస్తుందా?

చేస్తుంది. తరచుగా కాదు, అందరికీ కాదు, కానీ చేస్తుంది. నలభై ఏళ్లకు పైగా పోగైన వైద్య సాహిత్యం చదివితే ఇంతవరకు సందేహం మిగలదు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది మరొకటి. ఈ దుష్ఫలితాల్లో చాలావరకు గుర్తిస్తే తగ్గిపోయేవే. గుర్తించకపోవడం వల్ల, లేదా వాటిని జబ్బు ముదరడంగా పొరబడటం వల్ల జరిగే నష్టమే పెద్దది.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2015–16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఇరవై మంది పెద్దవాళ్లలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురైనవారే. డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ మానసిక జబ్బులున్నవారిలో 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఎర్రగడ్డ ఆసుపత్రికో, విశాఖ మానసిక వైద్యశాలకో వెళ్లడమే ఇంటి పరువు సమస్యగా చూసే చోట, ఈ వ్యాసం చదివి ఎవరైనా వేసుకుంటున్న మాత్రను తనంతట తాను ఆపేస్తే, రాసిన ఉద్దేశమే దెబ్బతింటుంది.

మందు వల్ల వచ్చే కదలికలు ఒక రకం కాదు. అన్నిటికన్నా తరచుగా కనిపించేది సన్నటి చేతి వణుకు. చేతులు చాపినప్పుడు, టీ గ్లాసు పట్టుకున్నప్పుడు, సంతకం పెట్టేటప్పుడు తెలుస్తుంది. పాతకాలపు ఇమిప్రమిన్, అమిట్రిప్టిలిన్ నుంచి ఇప్పటి సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వరకు దాదాపు అన్ని మందులతోనూ ఇది రావచ్చు. ఎక్కువమందిలో ప్రమాదం లేనిది. డోసు తగ్గితే తగ్గుతుంది. మన దగ్గర దీన్ని వెంటనే ‘నరాల వీక్‌నెస్’ అనేసి బీకాంప్లెక్స్ సూదులు వేయిస్తారు. ఆ సూదులతో ఈ వణుకు పోదు.

అరుదైనవి, చూస్తే భయం కలిగించేవి వేరే ఉన్నాయి. మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, దవడ పట్టేయడం, నాలుక బయటికి తోసుకురావడం, కనుగుడ్లు పైకి నిలిచిపోవడం. వైద్యులు దీన్ని డిస్టోనియా అంటారు. పారోక్సెటిన్‌తో ముఖం, నోటి కండరాలు ఇలా బిగుసుకుపోతున్నాయన్న నివేదికలు వస్తుంటే బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ 1993లోనే డాక్టర్లను హెచ్చరించింది. మన ఊళ్లలో ఇలా జరిగితే ఫిట్స్ అనో, పక్షవాతం అనో, గాలి సోకిందనో పరుగులు పెడతారు. కొత్త మాత్ర మొదలుపెట్టి ఎన్ని రోజులైందని ఎవరో ఒకరు అడిగితే చాలు, దారి దొరుకుతుంది. మరికొందరిలో నడక నెమ్మదిస్తుంది, ముఖంలో భావం పోతుంది, ఒళ్లు కొయ్యబారుతుంది. ఇంకా అరుదుగా, నెలలు, ఏళ్లు వాడాక పెదవులు చప్పరించడం, నోరు నమలడం లాంటి టార్డివ్ డిస్కినీసియా మొదలవుతుంది. అయితే ఈ చివరిది వచ్చినవారిలో చాలామంది గతంలో స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకు ఇచ్చే, డోపమిన్‌ను అడ్డుకునే యాంటీసైకోటిక్ మందులు కూడా వాడి ఉంటారు. నేరమంతా కుంగుబాటు మాత్రదే అనడం కష్టం.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది అకథీసియా దగ్గర. 1901లో ప్రాగ్ నగరంలో లాడిస్లావ్ హాష్కోవెట్స్ అనే నరాల వైద్యుడు కూర్చోవాలంటే కూర్చోలేకపోతున్న రోగులను వర్ణించి ఈ స్థితికి పేరు పెట్టాడు. ఈ మందులేవీ అప్పటికి పుట్టనే లేదు. అర్ధ శతాబ్దం తర్వాత యాంటీసైకోటిక్ మందులు వచ్చాక అది ఆసుపత్రి వార్డుల్లో రోజువారీ దృశ్యమైంది. అందుకే చాలాకాలం అది ఆ మందుల సొత్తే అనుకున్నారు. 1989లో జోసెఫ్ లిపిన్‌స్కీ, ఆయన సహచరులు ఫ్లూఓక్సెటిన్ మాత్రమే కారణంగా కనిపించిన ఐదుగురు రోగుల గురించి రాశారు. వాడినవారిలో దాదాపు 10 నుంచి 25 శాతం మందికి ఇది రావచ్చని అంచనా వేశారు. ఆ అంచనా ఎక్కువేనని నా అభిప్రాయం. ఆ రోజుల్లో మొదటి రోజు నుంచే ఇచ్చిన పెద్ద డోసులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కానీ వాళ్లు చూసింది నిజం.

బయటినుంచి చూసేవారికి మనిషి కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతూ కనిపిస్తాడు. నిలబడితే బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలికి మార్చుకుంటూ ఉంటాడు, కూర్చుంటే కాళ్లు ఆడిస్తాడు. లోపల జరిగేది అంతకన్నా ఘోరం. ఒళ్లంతా ఏదో తరుముతున్నట్టు, చర్మంలోంచి బయటపడాలన్నట్టు ఉంటుందని రోగులు చెబుతారు. మాటల్లో పెట్టడం కష్టం కాబట్టి డాక్టరు దగ్గర అది ‘టెన్షన్ ఎక్కువైంది సార్’గా కుదించుకుపోతుంది. టెన్షన్ అన్న మాట వినగానే డాక్టరు జబ్బు ఇంకా లొంగలేదనుకుని డోసు పెంచుతాడు. డోసు పెరిగితే తరుముడు పెరుగుతుంది. ఈ వలయంలో చిక్కుకున్నవాళ్లకు అది మందు పని అని తెలియదు. తమకు పిచ్చి పడుతోందని, ఇక బాగుపడమని అనుకుంటారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆ ఆలోచన ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

1990లో హార్వర్డ్‌కు చెందిన మార్టిన్ టైకర్ బృందం ఫ్లూఓక్సెటిన్ వాడాక తీవ్రమైన ఆత్మహత్య ఆలోచనలు వచ్చిన ఆరుగురి గురించి రాసింది. మరుసటి ఏడాది రోత్‌చైల్డ్, లాక్ అనే ఇద్దరు ఇంకా స్పష్టమైన ఆధారం ఇచ్చారు. ఫ్లూఓక్సెటిన్ వాడుతుండగా తీవ్రమైన ఆత్మహత్యా యత్నాలు చేసి బతికిన ముగ్గురికి వైద్యుల పర్యవేక్షణలో అదే మందు మళ్లీ ఇచ్చారు. ముగ్గురికీ మళ్లీ అదే అకథీసియా వచ్చింది. అప్పుడు తమను చావు వైపు నెట్టింది ఈ భరించలేని తరుముడేనని వాళ్లే చెప్పారు. మందు ఆపితేనో, రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్ కలిపితేనో అది తగ్గింది. ముగ్గురు రోగులు సంఖ్యగా చిన్న ఆధారమే. అయినా ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికన్నా బలంగా అనిపించే వ్యాసం అదే. అందులో కారణం ఏమిటో రోగులే గుర్తుపట్టారు.

1991 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం ఈ విషయంపై బహిరంగ విచారణ జరిపి, మందుకూ ఆత్మహత్యలకూ సంబంధం ఉన్నట్టు నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. విషయం అక్కడితో ముగియలేదు. పిల్లలు, కౌమారదశలో ఉన్నవారిపై జరిగిన 24 ప్రయోగాలను, 4,400 మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూస్తే, ఆత్మహత్య ఆలోచనలు లేదా చర్యలు మందు తీసుకున్నవారిలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 2 శాతం కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. 2004లో మందు పెట్టెల్లోని కరపత్రం మీద నల్లగీత హెచ్చరిక వచ్చింది. 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు వరకు పొడిగించారు. పెద్ద వయసువారిలో ఆ ముప్పు పెరగలేదు, 65 దాటినవారిలో తగ్గింది కూడా. ఆ కరపత్రంలో కుటుంబసభ్యులు కనిపెట్టి చూడాల్సిన లక్షణాల జాబితాలో ఆందోళన, నిద్రలేమి, చిరాకుల పక్కనే అకథీసియా పేరు కూడా ఉంది. మన ఇళ్లలో ఆ కరపత్రం ఎవరి చేతికీ రాదు. మందుల షాపులో స్ట్రిప్పు కత్తిరించి పది మాత్రలు కాగితపు కవర్లో వేసి ఇస్తారు.

సెరటోనిన్ మందు డోపమిన్ పనిని ఎలా చెడగొడుతుంది? మెదడు కాండంలో రాఫే కేంద్రకాలు అనే చోట నుంచి సెరటోనిన్ నాడులు బయల్దేరి, కదలికలను అదుపు చేసే లోపలి భాగాలకు చేరతాయి. డోపమిన్ తయారయ్యే చోటా, అది విడుదలయ్యే చోటా కొన్ని రకాల సెరటోనిన్ గ్రాహకాలు కళ్లెం వేసినట్టు పనిచేస్తాయి. సెరటోనిన్ ఒక్కసారిగా పెరిగితే డోపమిన్ విడుదల తగ్గుతుంది. మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన మొదటి రోజుల్లో, వారాల్లో ఈ ఇబ్బందులు తరచుగా మొదలవడం ఈ వివరణకు సరిపోతుంది. దీంతో అన్నీ తేలవు. డోపమిన్ తిరిగి పీల్చుకోవడాన్ని సెర్ట్రలిన్ కొద్దిగా అడ్డుకుంటుంది కాబట్టి దానితో ఈ సమస్యలు రాకూడదు; వస్తున్నాయి.

అసలు ఎంతమందికి వస్తాయి? 1996లో రఫాయెల్ లియో అప్పటిదాకా అచ్చయిన 71 కేసులు సేకరించాడు. వాటిలో 45 శాతం అకథీసియా, 28 శాతం డిస్టోనియా, 14 శాతం పార్కిన్సనిజం, 11 శాతం టార్డివ్ డిస్కినీసియా తరహావి. రెండేళ్ల తర్వాత గెర్బర్, లిండ్ 127 నివేదికలు చూశారు. 2015లో హాథోర్న్, కేలీ మరో 91 కేసులు పరిశీలించి, డోసుతో నిమిత్తం లేకుండా, మొదట్లోనూ చాలాకాలం వాడాక కూడా ఇవి రావచ్చని రాశారు. 2020లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఔషధ దుష్ఫలితాల ఖాతాను జల్లెడ పట్టారు. కుంగుబాటు మందుల పేరున్న నివేదికలు పది లక్షలకు పైగా ఉంటే, 29,253లో, అంటే 2.8 శాతంలో, కదలికల సమస్యలు ఉన్నాయి. మగవారి కన్నా ఆడవారివి రెండింతలకు పైగా. అన్నిటికన్నా బలమైన సంబంధం కనిపించింది పళ్లు కొరకడంతో.

ఈ 2.8 శాతాన్ని వంద మందిలో ముగ్గురికి వస్తుందని చదవకూడదు. అది ఎవరో గుర్తుపట్టి, ఓపిగ్గా రాసి పంపిన ఫిర్యాదుల్లో వాటా. గుర్తుపట్టనివి ఆ ఖాతాలో ఉండవు. అనుమతి కోసం జరిపే ప్రయోగాల్లోనూ ‘ఆందోళన’, ‘నెర్వస్‌నెస్’ అన్న మాటల కింద ఎన్ని అకథీసియాలు దాక్కున్నాయో విడదీయడం కష్టం. థామస్ బార్న్స్ 1989లో అకథీసియాను కొలవడానికి చిన్న కొలమానం తయారుచేశాడు. కూర్చోబెట్టి, నిలబెట్టి కాసేపు చూసి, నాలుగు ప్రశ్నలు అడిగితే సరిపోతుంది. కుంగుబాటు మందుల పెద్ద ప్రయోగాల్లో అలాంటి కొలతను తప్పనిసరి చేసి ఉంటే ఇన్నేళ్ల వాదం చాలావరకు తీరిపోయేది. చేయకపోవడం నా దృష్టిలో ఈ రంగపు పెద్ద లోపం.

నిద్రలో పళ్లు కొరకడం మందు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాల్లో కనిపిస్తుంది. ఉదయం దవడ నొప్పి, కణతల నొప్పి ఉంటాయి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వాడుతున్న మాత్రల పేరు చెప్పాలి. ఆందోళనకు వాడే బస్పిరోన్‌తో తగ్గిన కేసులు చాలా ఉన్నాయి. రాత్రి పడుకోగానే కాళ్లు పీకడం, లాగడం, కదిపితే తప్ప హాయి లేకపోవడం మరొకటి. జర్మనీలో 271 మందిని అడిగి చూసిన 2008 నాటి అధ్యయనంలో 9 శాతం మందికి ఇది కొత్తగా వచ్చింది లేదా ముదిరింది; మిర్టజపిన్ అనే కుంగుబాటు మందు వాడినవారిలో అయితే 28 శాతం. విచిత్రమేమంటే, యాంటీసైకోటిక్‌ల వల్ల వచ్చిన అకథీసియాను తగ్గించడానికి ఇదే మిర్టజపిన్‌ను చిన్న డోసులో వాడతారు. కాళ్ల పీకుడుకు ఇనుము లోపం తోడైతే ఇబ్బంది రెట్టింపవుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అంతకన్నా కాస్త ఎక్కువే. మాత్ర మార్చేముందు ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించడం మన దగ్గర చాలా అర్థవంతమైన పని.

మన పరిస్థితిలో ఇంకా పెద్ద చిక్కు మందుల కలయిక. డిప్రెషన్ ఉన్న మనిషి ముందుగా చెప్పేది కడుపుబ్బరం, గ్యాస్ ట్రబుల్, ఆకలి లేకపోవడం గురించే. దానికి రాసే క్యాప్సూల్లో పాంటొప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో కలిసి లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది డోపమిన్ గ్రాహకాలను అడ్డుకునే మందు. తలతిరుగుడుకు సిన్నరిజిన్, మైగ్రేన్‌కు ఫ్లునరిజిన్, వాంతులకు మెటోక్లోప్రమైడ్ కూడా అదే పని చేస్తాయి. గ్యాస్ మాత్రే కదా అని నెలల తరబడి మింగుతున్నవారికి పక్కన సెరటోనిన్ మాత్ర చేరితే చేతులు వణుకుతాయి, నడక మందగిస్తుంది. ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్ కాలేయంలోని ఒక ఎంజైమును అడ్డుకుని హలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి మందుల మోతాదును రక్తంలో పెంచుతాయి కూడా. అంటే చీటీ మీద రాసిన డోసు ఒకటి, ఒంట్లో పనిచేసే డోసు మరొకటి. ఒకే మాత్రలో యాంటీసైకోటిక్, కుంగుబాటు మందు కలిపినవీ ఉన్నాయి. ఫ్లూపెంటిక్సాల్, మెలిట్రసెన్ కలిపిన మాత్రను 2013లో కేంద్ర ఆరోగ్య శాఖ నిలిపివేసిన సంగతి చాలామంది డాక్టర్లకు గుర్తుండే ఉంటుంది. అమోక్సపిన్ పేరుకు కుంగుబాటు మందే అయినా, అది శరీరంలో మారి డోపమిన్‌ను అడ్డుకునే పదార్థమవుతుంది. వీటితో వచ్చిన బిగుతును సెరటోనిన్ ఖాతాలో రాయడం అన్యాయం.

కదలికల్లో ఒక్కటి మాత్రం అత్యవసరం. సెరటోనిన్ మితిమీరినప్పుడు మడమలు, కాళ్లు ఆపకుండా అదురుతాయి, చెమటలు పోస్తాయి, జ్వరం పెరుగుతుంది, మనిషి తికమకపడతాడు. చేతుల కన్నా కాళ్లలో బిగుతు, అదురు ఎక్కువగా ఉండటం దీని గుర్తు. 1984లో న్యూయార్క్‌లో ఫెనెల్జిన్ అనే పాత కుంగుబాటు మందు వాడుతున్న 18 ఏళ్ల విద్యార్థినికి ఆసుపత్రిలో పెథిడిన్ అనే నొప్పి మందు ఇచ్చారు. కొన్ని గంటల్లో చనిపోయింది. జూనియర్ డాక్టర్ల పని గంటలకు ఆ రాష్ట్రం పరిమితి పెట్టడానికి ఆ మరణమే కారణమైంది. మన దగ్గర పెథిడిన్ కన్నా ట్రమడాల్ గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి. ఆపరేషన్ తర్వాత, నడుమునొప్పికి దాన్ని విరివిగా రాస్తారు. మరో మందు లినెజోలిడ్. 1952లో న్యూయార్క్ స్టేటన్ ఐలండ్‌లోని క్షయ ఆసుపత్రిలో ఇప్రోనియజిడ్ ఇచ్చిన రోగులు ఉత్సాహంగా మారడం చూశాకే కుంగుబాటు మందుల్లో ఒక శాఖ పుట్టింది. మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకోవడం దాని కిటుకు. ఇప్పుడు మందులకు లొంగని క్షయకు వాడే లినెజోలిడ్ కూడా బలహీనంగానైనా అదే ఎంజైమును అడ్డుకుంటుంది. 2024లో భారత క్షయ కార్యక్రమం ఆమోదించిన ఆరునెలల కొత్త చికిత్సలో లినెజోలిడ్ ఒక భాగం. క్షయ రోగుల్లో డిప్రెషన్ ఎక్కువ. ఈ రెండు చికిత్సలు ఒకే మనిషిలో కలిసే చోట ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోక తప్పదు.

పెద్దవయసువారిలో తీర్పు చెప్పడం కష్టమే. పార్కిన్సన్స్ జబ్బు పైకి రావడానికి ఏళ్ల ముందే డిప్రెషన్ రావచ్చు. కాబట్టి కుంగుబాటు మాత్ర మొదలుపెట్టిన ఏడాదికి తాతగారి చెయ్యి వణికితే మాత్ర తెచ్చిందా, లోపల దాగి ఉన్న జబ్బు బయటపడిందా అన్నది ఒక్క చూపుతో తేలదు. ఒక పక్కనే మొదలై, చెయ్యి ఊరికే ఉంచినప్పుడు వణికితే జబ్బు వైపు అనుమానం మొగ్గుతుంది. రెండు పక్కలా ఒకేలా వస్తే మందు వైపు. ఇది ఉజ్జాయింపే. మందు మార్చి కొన్ని నెలలు ఆగి చూడటం, అవసరమైతే డోపమిన్ నాడులను చూపే ట్రోడాట్ స్కాన్ తీయించడం మిగిలిన మార్గాలు.

చికిత్సలో మొదటి మెట్టు డోసు తగ్గించడం లేదా మందు మార్చడం. ఆ పని డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. పారోక్సెటిన్, వెన్లఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే తలలో జిల్లుమనడం, వికారం, మళ్లీ అదే కుదురులేనితనం వస్తాయి. ఫ్లూఓక్సెటిన్ అయితే ఆపాక కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, కాబట్టి రెండు రోజుల్లో తగ్గలేదని కంగారు పడనక్కర్లేదు. అకథీసియాకు ప్రొప్రనలాల్ వాడతారు, ఉబ్బసం ఉన్నవారికి మాత్రం కాదు. మెడ, దవడ పట్టేసినప్పుడు పాసిటేన్ పేరుతో అందరికీ తెలిసిన ట్రైహెక్సీఫెనిడిల్ పనిచేస్తుంది. అదే మాత్ర టార్డివ్ డిస్కినీసియాను మరింత చెడగొట్టవచ్చు. ఆ సమస్యకు ఇచ్చే టెట్రబెనజిన్‌కు డిప్రెషన్ తెచ్చే గుణం ఉంది. కుంగుబాటు రోగికి దాన్ని రాసేవారు చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఓపీలో వందమంది వరుసలో ఉన్నప్పుడు డాక్టరుకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ నిమిషాల్లో పనికొచ్చేవి రోగి తెచ్చే తేదీలే: ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెరిగింది, కాళ్ల ఇబ్బంది ఎప్పుడు వచ్చింది, పక్కన గ్యాస్ క్యాప్సూల్ ఎప్పటినుంచి ఉంది. 2010లో మొదలైన భారత ఔషధ భద్రతా కార్యక్రమం రోగులే నేరుగా దుష్ఫలితాలు తెలియజేయడానికి ఒక ఫారం పెట్టింది. అది తెలుగులోనూ ఉంది. డాక్టరు సంతకం అక్కర్లేదు. ఫోన్‌లో చెప్పాలంటే 1800-180-3024కు చేయవచ్చు, ఖర్చు ఉండదు. మనసు మరీ దిగజారినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా 14416కు చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. కొత్త మాత్ర మొదలైన వారాల్లో అలాంటి ఆలోచన వస్తే, ఆ మాత్ర పేరు కూడా వాళ్లకు చెప్పాలి.